మిల్లు గోడ దాటాక నా కారు నడిపిందెవరు?

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఏళ్ల తరబడి ట్యాక్సీ నడిపినవాణ్ణి. ములుగు అడవి దారిలో వానలో, మంచులో ఖాళీ కారుతో ఒక్కణ్ణే తిరిగొచ్చినవాణ్ణి. టీ కొట్టు దగ్గర తోటి డ్రైవర్లు తెల్లచీర కట్టుకుని లిఫ్టు అడిగే ఆడమనిషి గురించి చెబుతుంటే, ఆవిడ నా కారు మాత్రం ఎందుకు ఆపదు, నా మొహం అంత బాగాలేదా అని ఆటపట్టించేవాణ్ణి. మా వాళ్లలో జిన్నుల మాట ఉంది. ఉంటే ఉండనీ, వాటి దారి వాటిది, నా దారి నాది అనుకునేవాణ్ణి.

ఇప్పటికీ నమ్మానని చెప్పలేను. కానీ నా సొంత కారులో జరిగినదాన్ని జరగలేదని కూడా చెప్పలేను. పైగా అది నాకు చెప్పింది మనిషి కాదు, ఒక యంత్రం. ఆ యంత్రానికి మా ఇంటి సంగతులేవీ తెలియవు.

నా పేరు యాకూబ్. మాది వరంగల్, కరీమాబాద్. ఒకప్పుడు నా పని చాలా సులువు. ఎవరికైనా విమానం ఉంటే ముందురోజే నాకు ఫోన్ వచ్చేది. "యాకూబ్ భాయ్, పొద్దుగాల్నే శంషాబాద్ పోవాలె, జర టైముకు రా" అనేవారు. ఏ ఇంట్లో బయల్దేరేటప్పుడు ఏడుపులుంటాయో, ఏ ఇంట్లో పాస్‌పోర్టు మర్చిపోయి స్టేషన్ ఘన్‌పూర్ దాకా వచ్చాక గుర్తు చేసుకుంటారో నాకు బాగా తెలుసు.

తర్వాత యాప్‌లు వచ్చాయి. నా పాత గిరాకీలు కూడా ఫోన్ చేయడం మానేసి బటన్ నొక్కడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సెల్ఫ్ డ్రైవ్ వచ్చింది. కారు తలుపు ఫోనుతోనే తెరుచుకుంటుంది. వాళ్లే నడుపుకుంటూ ఎయిర్‌పోర్టుకు పోతారు, పార్కింగులో వదిలేస్తారు, లోపల గేటు దగ్గర మొహం చూపించి విమానం ఎక్కుతారు. దిగి వచ్చిన ఇంకొకరు అదే కారును తమ ఫోనుతో తెరుచుకుని వరంగల్ వస్తారు. ఇంత ప్రయాణంలో ఎవరూ ఎవరితో మాట్లాడరు. నాకు ఒళ్లు మండేది.

ఇవన్నీ నాకు కూర్చోబెట్టి నేర్పింది నా కూతురు నౌషీన్. మాకు ఒక్కతే. ఇక్కడే ఇంజనీరింగ్ చదివేది. మాలో నాన్నను అబ్బా అంటారు. నేను ఫోన్ మీద విసుక్కుంటే "అబ్బా, ఫోనేం జేసింది నిన్ను? దాన్నెందుకు తిడ్తవ్? జర నిమ్మలంగ నొక్కు" అనేది. నేను తప్పు నొక్కిన ప్రతిసారీ పెద్ద టీచరమ్మలాగా కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ మొదట్నుంచీ చెప్పేది. నా బిడ్డ అని చెప్పుకోవడం కాదు గానీ, అంత ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

డ్రైవర్ అన్నవాడు తన స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వడు. నేనూ అంతే. నా బామ్మర్ది సలీం ఎన్నోసార్లు అడిగాడు, పెళ్లిళ్లలో బతిమాలాడు, ఇవ్వలేదు. నౌషీన్ ఒక్కసారి అడిగింది, ఇచ్చేశాను. దానికి సలీం చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆదివారం ఆదివారం తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అయ్యాక బయల్దేరేవాళ్లం. ఊళ్లో నేనే నడిపేవాణ్ణి. నర్సంపేట రోడ్డు మీద ఊరు దాటాక ఒక జిన్నింగ్ మిల్లు ఉంది, పత్తి గింజలు వేరుచేసే మిల్లు. దాని పొడుగాటి గోడ పక్కన కారు ఆపి ఇద్దరం సీట్లు మారేవాళ్లం. మొదటిసారి ఇద్దరం ముందు నుంచే వచ్చి బానెట్ దగ్గర ఒకరినొకరు గుద్దుకున్నాం. అది నవ్వీ నవ్వీ రోడ్డు మీదే కూర్చుంది. అప్పటి నుంచి నేను కారు ముందు నుంచి, అది వెనక నుంచి రావాలని తనే రూలు పెట్టింది.

అక్కడి నుంచి కాలువ వంతెన దాకా అది నడిపేది. నా కారులో నేను ఎడమ పక్క సీటులో కూర్చోవడం అదే మొదలు. భయానికి నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూ ఉండేది. "అబ్బా, ఆడ బ్రేకు లేదు, ఉత్తగ కాలు నొప్పి వెడ్తది" అనేది. వంతెన దగ్గర ఆగి, మా ఆవిడ జరీనా ఫ్లాస్కులో పోసిచ్చిన చాయ్ తాగి, తిరుగుదారిలో మళ్లీ నేను తీసుకునేవాణ్ణి. నా బతుకులో అంతకంటే మంచి ప్రయాణాలు లేవు. ఎంతెంత దూరాలు తిరిగానో, గుర్తున్నది మాత్రం ఆ కాస్త రోడ్డే.

వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. దవాఖానలో ఒకరోజు తగ్గినట్టే ఉండి మరుసటి రోజు ఎక్కువైంది. ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి దాని క్లాసు పిల్లలంతా వచ్చి వరండాలో నిలబడ్డారు. అయినా దక్కలేదు. కబరస్తాన్‌లో మా పద్ధతి ప్రకారం మూడు పిడికిళ్ల మట్టి వేయాలి. మూడోసారి నా చేయి లేవకపోతే సలీం నా చేయి పట్టుకుని వేయించాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ తర్వాత నేను కారు నడపలేకపోయాను. జనం ధైర్యం పోయిందనుకున్నారు. అది కాదు. నౌషీన్ పొట్టిది. ఆఖరి ఆదివారం ఒక్కసారి ఇంటి దాకా నేనే నడుపుతానని పట్టుబట్టింది. సీటు బాగా ముందుకు జరుపుకుని కూర్చుని, దిగేటప్పుడు అలాగే వదిలేసింది. ఇప్పుడు నేను కూర్చోవాలంటే ఆ సీటు వెనక్కి జరపాలి. తలుపు తెరిచి చూసి మళ్లీ వేసేసేవాణ్ణి.

నలభయ్యో రోజున దాని పేరిట ఫాతెహా చదివించాక సలీం వచ్చి కూర్చున్నాడు. "బావా, కారు గిట్ల నిలవడితె పాడైతది. సెల్ఫ్ డ్రైవ్ కంపెనీకి పెడ్తా. నువ్వు ముట్టుకునే పని లేదు, అన్ని నేను సూస్కుంట" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. సరే అన్నాను. వాళ్లు వచ్చి కారు తీసుకెళ్లేటప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. సీటు ఎవరు వెనక్కి జరిపారో నేను చూడలేదు.

కంపెనీవాళ్లు కారులో ఎక్కడ తిరుగుతోందో చెప్పే పెట్టె ఒకటి, స్టీరింగ్ ఎదురుగా చిన్న కెమెరా ఒకటి బిగించారు. కారు తీసుకునేవాళ్లు ముందుగా తమ లైసెన్సు, మొహం ఫోనులో చూపించాలి. దారిలో కెమెరా ఆ మొహాన్ని చూస్తూ ఉంటుంది. సీటులో ఎవరూ లేకపోతే "డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది" అని నా ఫోనుకు వస్తుంది. ఇంకెవరైనా కూర్చుంటే "నమోదైన డ్రైవర్ కాకుండా వేరొకరు నడుపుతున్నారు" అని వస్తుంది. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి చాలు, మిగతా సాంకేతిక సంగతులు నాకూ తెలియవు.

మొదటిసారి ఆ రెండో మాట వచ్చినప్పుడు కారు ఒక లెక్చరర్ దగ్గర ఉంది. నర్సంపేట పోతున్నాడు. స్నేహితుడికి స్టీరింగ్ ఇచ్చినట్టున్నాడని కోపం వచ్చి ఫోన్ చేశాను. ఆయన కారు పక్కకు ఆపి మరీ మాట్లాడాడు. "నేను ఒక్కణ్ణే ఉన్నానండీ, నేనే నడుపుతున్నాను" అన్నాడు. వీడియోలో కారంతా చూపించాడు. నిజంగానే ఎవరూ లేరు. నేనే క్షమాపణ చెప్పాను.

తర్వాత కొన్నాళ్లకు ఒక జంట పసిబిడ్డతో పాకాల చెరువుకు పోతుంటే మళ్లీ అదే మాట వచ్చింది. భార్య వెనక సీటులో బిడ్డకు పాలు పడుతోందట. "ఇంకెవలు నడుపుతరు అన్నా, నేను దిగనే దిగలే" అన్నాడు ఆ అబ్బాయి. వాళ్లకు ఏమీ అనిపించలేదు. చలి వేయలేదు, వాసన రాలేదు, ఏ చప్పుడూ వినబడలేదు. మామూలుగా పాటలు పెట్టుకుని పోతున్నారు.

ఆ రోజు మ్యాపు తెరిచి చూశాను. ఆ మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిపోయిందో అందులో చుక్కలుంటాయి. మిల్లు గోడ దగ్గర మొదలైంది. కాలువ వంతెన దగ్గర ఆగిపోయింది. పాతది, లెక్చరర్‌ది తీసి చూశాను. అదీ అంతే. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

నేను మూఢంగా నమ్మేసే రకం కాదని ముందే చెప్పాను. కంపెనీ మెకానిక్‌ను పిలిపించాను. అక్కడ చెట్ల సందున ఎండ పడి కెమెరా తికమక పడుతోందని అతను అన్నాడు. సబబుగానే అనిపించింది. కెమెరా మార్చాడు. ఆ తర్వాత ముసురు పట్టి ఎండ జాడ లేని రోజున కూడా అక్కడే మొదలై అక్కడే ఆగింది. హైదరాబాద్ రోడ్డు మీద అంతకంటే దట్టమైన చెట్లున్న చోట్లున్నాయి. ఎయిర్‌పోర్టు దాకా కారు ఎన్నిసార్లు పోయివచ్చినా ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు.

అప్పుడు కెమెరా ఎవరి మొహం చూసిందో ఆ ఫొటో ఇప్పించమని అడిగాను. "ఫొటో ఉండదు అంకుల్. అది మొహాన్ని సూస్తది, పోల్చుకుంటది, ఇడిసిపెడ్తది. ఏం దాచిపెట్టదు" అన్నాడు మెకానిక్. ఎంత బతిమాలానో నాకే సిగ్గేసింది. పాపం, అతనికేం తెలుసు, ముసలాయనకు పిచ్చి లేచిందనుకుని ఉంటాడు.

అప్పటి నుంచి నర్సంపేట వైపు ఎవరు కారు తీసుకుంటారా అని ఎదురు చూసేవాణ్ణి. ఆ మాట రాగానే ఫోను పట్టుకుని పెరట్లోకి పోయేవాణ్ణి. మ్యాపులో చుక్క మెల్లగా కదులుతూ వంతెన వైపు పోతుంటే చూస్తూ నిలబడేవాణ్ణి. ఎదురుగా లారీ వస్తే ఎలాగ అని కంగారు పడేవాణ్ణి కూడా. చచ్చిపోయిన బిడ్డకు యాక్సిడెంట్ అవుతుందేమోనని భయపడిన తండ్రి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇదంతా జరీనాకు చెప్పలేదు. ఆమె అప్పుడప్పుడే కాస్త అన్నం తింటోంది.

కానీ నాకు ఒకటే బాధగా ఉండేది. ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి పోతోంది, నా దగ్గరికి ఎందుకు రాదు? ఒక్కసారి, ఒక్కసారే దాని పక్కన మళ్లీ కూర్చోవాలి. నాకు ఇంకేమీ వద్దు.

చివరికి నా కారును నేనే యాప్‌లో బుక్ చేసుకున్నాను. నౌషీన్ నేర్పిన పద్ధతిలోనే మెల్లగా నొక్కాను. సెల్ఫీ తీసుకోమంది. నవ్వకుండా నేరుగా చూడమంది. నవ్వొద్దని నాకు యాప్ చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే ఒక్కణ్ణే బయల్దేరాను. అన్ని రోజుల తర్వాత స్టీరింగ్ పట్టుకున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మిల్లు గోడ వచ్చింది. ఫోను మోగలేదు. నెమ్మదిగా నడిపాను. వంతెన వచ్చింది. ఏమీ లేదు. మళ్లీ వెనక్కి తిప్పి గోడ దాకా వచ్చి, మళ్లీ వంతెనకు పోయాను. యంత్రం దృష్టిలో నేను నమోదైన డ్రైవర్‌ను, అంతే. "వాళ్లందరి కాడికి పోతివి, నా కాడికి రావా బిడ్డా?" అని కారులో గట్టిగా అరిచాను. నా జీవితంలో దాని మీద అరిచింది అదొక్కసారే.

ఇంటికి వచ్చేసరికి జరీనా గుమ్మంలో ఉంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. ఇక దాచలేక అన్నీ చెప్పేశాను. లెక్చరర్ సంగతి, పాకాల పోయిన జంట సంగతి, మ్యాపు, మెకానిక్, అన్నీ. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కోపం తెచ్చుకుంది.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే? అది నీ ఒక్కనికే బిడ్డనా?" అంది. మళ్లీ ఆమే అడిగింది. "ఆడ ఎట్ల మారేటోళ్లు మీరు? నువ్వు దిగేటోనివి గద. ఇయ్యాల దిగినవా?"

దిగలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. డ్రైవర్‌ను కదా, సీటు వదలడం నాకు అలవాటు లేదు. "నువ్వు స్టీరింగ్ పట్టుకొని కూసుంటే అదెక్కడ కూసుంటది?" అంది జరీనా.

తర్వాతి ఆదివారం కారు మళ్లీ నా పేరు మీదే బుక్ చేసి ఇద్దరం పోయాం. జరీనా వెనక సీటులో కూర్చుంది. దారంతా పెదవులతో ఏదో చదువుకుంటూనే ఉంది. మిల్లు గోడ దగ్గర కారు పక్కకు తీసి, గేరు తప్పించి, హ్యాండ్ బ్రేకు వేశాను. ఇంజను నడుస్తూనే ఉంది. నేను దిగి ముందు నుంచి తిరిగి వచ్చి ఎడమ పక్క కూర్చున్నాను.

ఫోను మోగింది. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది అన్నది. అది మామూలే, నిజంగా ఖాళీగానే ఉంది. పత్తి లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. మిల్లు నుంచి పనివాళ్లు ఇద్దరు బయటికి వచ్చి మావైపు చూసి వెళ్లిపోయారు. జరీనా వెనక నుంచి నా భుజం మీద చేయి వేసింది. ఇక పోదాం అని చెప్పబోయాను.

అప్పుడు మళ్లీ మోగింది. జరీనా నాకంటే ముందే ఫోను అందుకుంది. పైకి చదివింది. నమోదైన డ్రైవర్ కాకుండా వేరొకరు నడుపుతున్నారు. నమ్మలేక మళ్లీ చదివింది.

నేను ఆ సీటు వైపు చూశాను. నేను చూసింది చూసినట్టే చెబుతాను. అక్కడ ఎవరూ లేరు. సీటు కవరు ఉంది, స్టీరింగ్ ఉంది, అద్దంలో రోడ్డు ఉంది. నా కళ్లకు ఏమీ కనబడలేదు. ఇంత చేసీ కనబడలేదు కదా అని గుండె పగిలిపోయింది.

జరీనా మాత్రం నాలాగా వెతకలేదు. ముందుకు వంగి, రోజూ కాలేజీకి పోయేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. "సీటు బెల్టు పెట్టుకో బిడ్డా" అంది. ఆ తర్వాత, "జ్వరం తగ్గిందా?" అని అడిగింది.

అప్పటిదాకా దవాఖానలో గానీ, కబరస్తాన్ నుంచి వచ్చాక గానీ నేను గట్టిగా ఏడవలేదు. జ్వరం తగ్గిందా అన్న ఆ మాటకు ఏడ్చాను. మొహం దాచుకోకుండా ఏడ్చాను. జరీనా ఏడవలేదు. ఇంట్లో సంగతులన్నీ చెప్పింది. ఫ్రెండ్సు వచ్చిపోతున్నారని, నీ బట్టలు ఎవరికీ ఇవ్వలేదని, సలీం మామకు షుగర్ వచ్చిందని, అబ్బా సరిగా తినడం లేదని నా మీద చాడీ కూడా చెప్పింది. కారు మాత్రం కదలలేదు, అది ఎలా కదులుతుంది? ఇంజను ఒక్కటే మెల్లగా నడుస్తూ ఉంది.

ఎండ ముదిరింది. ఇంటికి పోవాలి. పోవాలంటే నేను ఆ సీటులో కూర్చోవాలి. కూర్చున్న పిల్లను లే అని ఎలా అంటాను? ఆ సంగతి జరీనాకు అర్థమైనట్టుంది.

"ఇగ చాలు బిడ్డా. అబ్బా తీస్కుంటడు, నువ్వు పో" అంది. ప్రయాణమై పోయేవాళ్లకు మా ఇళ్లలో చెప్పే మాట ఒకటుంది, ఫీ అమానిల్లా అని, అల్లా నిన్ను కాపాడుగాక అని. అది కూడా చెప్పింది.

నేను దిగి, తిరిగి వచ్చి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. సీటు ఎంత వెనక్కి ఉందో అంతే ఉంది. వంతెన దాకా పోలేదు, అక్కడే వెనక్కి తిప్పి ఇంటికి వచ్చేశాం.

యంత్రం పొరపాటు అయ్యుండొచ్చు. ఖాళీ సీటు తలదిండును మొహం అనుకుని ఉండొచ్చు. మెకానిక్ అదే అన్నాడు. అలాగైతే అంతకుముందు ఖాళీగా ఉంది అని సరిగ్గా ఎలా చెప్పిందని అడిగాను. అతను మాట మార్చాడు. చదువుకున్నవాళ్లను, మసీదు ఇమాం సాబ్‌ను కూడా అడిగాను. ఆయన చనిపోయినవాళ్లు అలా తిరిగి రారని, దాని కోసం దువా చేసుకోమని చెప్పారు. ఆయన మాట కాదనే ధైర్యం నాకు లేదు. నాకంటూ ఒక సమాధానం ఇప్పటికీ దొరకలేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ ఆదివారం తర్వాత కారు ఎవరు నడిపినా ఆ మాట మళ్లీ రాలేదు. కెమెరా అదే, రోడ్డు అదే, చెట్లు అవే. కారు ఇప్పటికీ నర్సంపేట వైపు పోతూనే ఉంది. ఆ రోజు మనం పోకుండా ఉండాల్సింది, నా నోటితోనే దాన్ని పొమ్మన్నాను కదా అని జరీనా కొన్నిసార్లు పడుకోబోయే ముందు అంటుంది. పొమ్మనకపోతే దాని పానం ఎన్నాళ్లు ఆ రోడ్డు మీద తిరగాలె అని నేను అంటాను. అలా అంటానే గానీ, లోపల నాకూ ఆమె బాధే ఉంది.

ఆ వైపు బుకింగ్ వచ్చిన రోజున ఇద్దరం చేతిలో పని వదిలేసి ఫోను ముందు కూర్చుంటాం. చుక్క మిల్లు గోడ దగ్గరికి వస్తుంది. జరీనా నా చేయి పట్టుకుంటుంది. ఫోను మోగదు. చుక్క వంతెన దాటి నర్సంపేట వైపు పోతుంది.